ఇంటర్వెల్‌లో తబ్రేజ్ గొంతు

“చిటికెన వేలి గోరంత మెమరీ కార్డు, భానూ. అది మహబూబాబాద్‌లో చేతులు మారితే ఆసిమా బతకదు. బ్రీఫింగ్ అంతే.”

చెవిలో దాచుకున్న ఇయర్‌పీస్‌లో చీఫ్ అరుణ గొంతు అంతటితో ఆగింది. వరంగల్ స్టేషన్‌లో, అతికించిన మీసంతో, పక్కన పత్తి విత్తనాల సంచితో సేల్స్‌మన్ వేషంలో నిలబడ్డాడు ఏజెంట్ భానుచందర్. మీసం దురద పెడుతోంది. మనసు అంతకంటే ఎక్కువ సలుపుతోంది.

ఆసిమా, విదేశంలో మారుపేరుతో, శత్రుముఠా నడిమధ్యలో పనిచేస్తున్న ఏజెంట్. ఆమె తమ్ముడు తబ్రేజ్ కూడా ఈ గూఢచారి విభాగం మనిషే. స్టేషన్ ఎదురుగా మొబైల్ షాపు పెట్టుకుని, వచ్చేపోయే వాళ్లను కనిపెట్టుకుని ఉండేవాడు. పోయిన చలికాలం ఒకరోజు షాపు షట్టర్ సగం ఎత్తి ఉంది. నేల మీద రక్తం ఉంది. తబ్రేజ్ లేడు, అతని ల్యాప్‌టాప్ లేదు. శవం దొరకలేదు. ఆ ల్యాప్‌టాప్‌లో పండగనాడు ఇంట్లో తీసిన ఆసిమా వీడియో ఉంది. అది విదేశంలో ముఠా పెద్దల కంట పడితే ఆమె అసలు ఎవరో తెలిసిపోతుంది. ముఠా ఇక్కడి శాఖ ఇన్నాళ్లకు ల్యాప్‌టాప్ తాళం పగలగొట్టింది. నెట్‌లో పంపితే విభాగం వలలో పడుతుందని భయపడి, వీడియోను ఒక సినిమా ఫైల్‌లో దాచి, ఇప్పుడొచ్చే రైల్లో మనిషి చేత పంపుతోంది. ఆ మనిషి ఎవరో, ఏ బోగీలో ఎక్కుతాడో తెలియదు.

“పత్తి గింజలు ఉన్నాయా?”

“వానలు పడ్డాక రండి.”

కోడ్ సరిపోయింది. నల్ల కళ్లద్దాలు తీసి నవ్వింది కావ్య. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం, ముఠాలో విభాగం తరఫున ఇన్‌ఫార్మర్. ఆమె నడిచొస్తుంటే ప్లాట్‌ఫాం మీద పోర్టర్లు కూడా బరువులు దించుకుని చూశారు.

“కార్డు సంగతి తర్వాత సర్,” అంది గొంతు తగ్గించి. “తబ్రేజ్ బతికే ఉన్నడు.”

భానుచందర్ చేతిలో సంచి జారింది. ఆమె అతని ఫోన్‌లోకి ఒక సినిమా ఫైల్ పంపి, చివరికి జరిపి వినిపించింది.

“ఇంటర్వెల్. జర చాయ్ తాగి రా అన్నా. వచ్చినంక రెండో ఫైల్ నొక్కు.”

సందేహం లేదు, అది తబ్రేజ్ గొంతే.

“ఈ సినిమా రిలీజై వారమే అయింది. చచ్చిపోయినోడు ఎట్ల కన్వర్ట్ చేస్తడు సర్? కేసముద్రం మార్కెట్ యార్డుల దాక్కున్నడు. మీరొక్కరే రావాల్నట. ఎవరికీ చెప్పొద్దన్నడు.”

రైలు వచ్చింది. భానుచందర్ మామూలు మనిషి కాదు. ఎదుటివాడు తుమ్మితే జలుబా, సిగ్నలా అని ఆలోచించే రకం. కానీ ఆశ ఎంతటివాణ్నైనా వెర్రివాణ్ని చేస్తుంది. రైలెక్కి, ఇయర్‌పీస్ తీసి జేబులో వేసి, ఫోన్‌కు ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

నెక్కొండ దాటాక సిగ్నల్ పోయింది. ఈ దారిలో అది మామూలే. అందుకే దూరం పోయేవాళ్లు ఎక్కే ముందు తబ్రేజ్ దగ్గరికి వచ్చి, సినిమాను ఫోన్‌కు సరిపడేలా చిన్నది చేయించుకునేవాళ్లు. ఫస్టాఫ్ ఒక ఫైలు, సెకండాఫ్ ఒక ఫైలు. మొదటిదాని చివర తన గొంతు తగిలించేవాడు. ఆ ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో చూడటానికి ప్రతి సినిమానూ తానే కూచుని చూసేవాడు. “ఎక్కడ పడితే అక్కడ కోసుడు కసాయి పని అన్నా, మన పని కాదు,” అనేవాడు.

చాయ్‌వాలా వచ్చాడు. భానుచందర్ రెండు చాయ్‌లు తీసుకున్నాడు. రెండోది ఎవరికో, తీసుకున్నాక గానీ అతనికే తెలియలేదు. ఎదురుగా ఖాళీ సీటు. అక్కడ తబ్రేజ్ కాళ్లు మడిచి కూచుని తనవైపే చూస్తున్నట్టుంది. చాయ్‌ని ఆ సీటు పక్కన పెట్టాడు. చల్లారిపోయింది. మళ్లీ మళ్లీ అదే ముక్క విన్నాడు. “రా అన్నా.” వస్తున్నా తమ్మీ, అనుకున్నాడు.

కేసముద్రంలో రైలు నెమ్మదించి ఆగింది. ఫుట్‌బోర్డు మీద నిలబడి ఇంకొక్కసారి విందామని నొక్కాడు. వేలు తడబడి బొమ్మ కాస్త వెనక నుంచి మొదలైంది. కొడుకు తప్పిపోయిన తల్లి ఖాళీ ఊయల ఊపుతూ జోలపాట పాడుతోంది. పాట సగంలో, నోట్లో మాట నోట్లోనే ఉండగా తెగిపోయింది. వెంటనే తబ్రేజ్ గొంతు: “ఇంటర్వెల్.”

ఒక కాలు ప్లాట్‌ఫాం మీద, ఒక కాలు రైల్లో. భానుచందర్ అలాగే బిగుసుకుపోయాడు.

ఏ సినిమాలోనూ జోలపాట మధ్యలో ఇంటర్వెల్ పడదు. తబ్రేజ్ చచ్చినా అక్కడ కోయడు. ఈ ఊరి సినిమా పిచ్చి తెలియని ఎవడో ఫైలును లెక్క ప్రకారం సరిగ్గా రెండు ముక్కలు చేశాడు. మొదటి ముక్క చివర గొంతు తగిలించింది ముఠా ఎత్తుకుపోయిన ల్యాప్‌టాప్. ఆ పని దానికి తబ్రేజ్ ఎప్పుడో నేర్పి పెట్టాడు, అది చేసుకుపోతోంది. అంటే యంత్రం మిగిలింది. మనిషి లేడు.

మొదటిసారి పోయినప్పుడు కాస్త అనుమానమైనా మిగిల్చి పోయాడు. ఈసారి అదీ లేదు. భానుచందర్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. కానీ రైలు కదులుతోంది. లోపలికి దూకాడు. ఇయర్‌పీస్ చెవిలో పెట్టాడు. అది శాటిలైట్ సరుకు, సిగ్నల్‌తో పని లేదు.

“మేడమ్, కావ్య డబుల్ ఏజెంట్. నన్ను ఈ రైలు దించడానికే ఎర వేసింది. కార్డు ఇందులోనే ఉంది.”

“దిగావా?”

“ఒక కాలు దిగింది మేడమ్.”

“రెండోది దిగనందుకు సంతోషం. మఫ్టీ పోలీసులు మహబూబాబాద్ స్టేషన్ గేటు దగ్గరుంటారు. త్వరగా.”

ఒక్కో బోగీ దాటుకుంటూ పోయాడు. ప్రతి సీట్లోనూ ఒక ఫోను, ప్రతి ఫోన్‌లోనూ ఒక గోల. ఎవరిని పట్టుకోవాలి? మహబూబాబాద్ దగ్గర పడుతోంది. అప్పుడు వినపడింది, ఎవరిదో ఫోన్‌లోంచి, తల్లి పాడే జోలపాట. సగంలో తెగింది.

“ఇంటర్వెల్. జర చాయ్ తాగి రా అన్నా...”

భానుచందర్ ఆ గొంతు వైపు తిరిగాడు. బోగీ అంతా కిక్కిరిసి ఉంటే, చచ్చిపోయిన తమ్ముడు తననే పేరు పెట్టి పిలిచినట్టయింది.

కిటికీ పక్కన గొంతుకు కట్టు, ఒళ్లో దవాఖాన కవరుతో ఒకడు. మాట్లాడాల్సిన పని లేకుండా భలే వేషం. అందరిలా కనపడాలని సినిమా పెట్టుకున్నాడు. పక్కనే మొగిలమ్మ అనే ముసలావిడ వాడి ఫోన్‌లోకి తల దూర్చి చూస్తోంది.

“ఇంటర్వెలట బిడ్డా. రెండోది నొక్కమంటాండు, నొక్కు.”

వాడికి తెలుగు ముక్క రాదు. మొగిలమ్మ ఊరుకుంటుందా? తానే వేలు చాపింది. రెండో ఫైల్‌లోనే ఆసిమా వీడియో ఉంది. వాడు పాము మీద పడ్డట్టు ఫోన్ లాక్కుని, గోటితో కార్డు పీకాడు. రైలు ప్లాట్‌ఫాంలోకి వచ్చింది. కిటికీ ఊచల బయట ఒక చేయి రైలుతో పాటు పరుగెత్తుతోంది. వాడు చేయి చాపాడు. బయటి వేళ్లు కార్డును తాకాయి.

భానుచందర్ పెన్ను నొక్కాడు. అందులోంచి మత్తు సూది ఎగిరి వాడి మోచేతిలో దిగింది. చేయి వాలిపోయింది. కార్డు ఊచకు తగిలి లోపలికే, భానుచందర్ అరచేతిలో పడింది. బయటి చేయిని పోలీసులు చూసుకున్నారు.

“కావ్యను వరంగల్ స్టేషన్ బయటే పట్టుకున్నాం. ల్యాప్‌టాప్ ఆమె కార్లో ఉంది,” అంది అరుణ. “భానూ, తబ్రేజ్...”

“లేడు మేడమ్.”

మఫ్టీ వాళ్లు ఆ గొంతుకట్టు మనిషిని మోసుకుపోయారు. వాడి ఫోను జేబులో వేసుకుని దిగబోతున్న భానుచందర్ చొక్కా పట్టుకుంది మొగిలమ్మ.

“వాణ్ని తీస్కపో నాయినా, నాకేం ఫికర్ లేదు. సినిమా జర పెట్టి పో. సగంల ఉన్నది.”

“రెండో భాగం రాదమ్మా. చేసేటోడు పోయిండు.”

ఆ మాట పైకి అనడం అదే రెండోసారి. మొదటిసారికంటే కష్టమైంది.

“అయ్యో. గట్లయితే చెప్పు, ఆ తల్లికి కొడుకు దొరికిండా?”

భానుచందర్ ఆ సినిమా చూడలేదు. రైలు కూత వేసింది.

“దొరికిండమ్మా,” అన్నాడు. “ఇంటికి వచ్చిండు.”

ఇన్నేళ్లూ సర్కారు జీతానికి అబద్ధాలాడిన మనిషి, ఆ ఒక్కటి మాత్రం సొంత ఖర్చు మీద ఆడి రైలు దిగాడు.