పదహారు అంకెల బాకీ

నా గిటార్ దేవుడికి వినిపిస్తుందా లేదా అన్న సందేహం ముప్పై ఎనిమిదేళ్లుగా నన్ను వదలలేదు. ఎక్కడికెళ్లినా వెంట ఉండే దాన్ని ప్రతి ఆదివారం కారు డిక్కీలో పెట్టి తాళం వేసి, ఖాళీ చేతులతో చర్చిలోకి వెళ్తాను. మా చర్చిలో ఏ వాద్యమూ ఉండదు. ఆరాధనకు మనిషి గొంతు ఒక్కటే చాలని మావాళ్ల నమ్మకం. ఇప్పుడు నాదీ అదే నమ్మకం. అయినా డిక్కీ మూసేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది.

ఈ సందేహం నాకు ప్రేమతో పాటే వచ్చింది. అంతకుముందు నాకు ఏ సందేహాలూ లేవు. ఇరవై మూడేళ్లవాణ్ణి. పాటల ఊరు నాష్‌విల్‌లో ఒక పాత ఇంటి వెనక, రేకుల కప్పు వేసిన చిన్న స్టూడియోలో గంటల లెక్కన గిటార్ వాయించేవాణ్ణి. పాటలు రాసేవాళ్లు అక్కడ నమూనాలు పాడించుకుని, పేరున్న గాయనులకు వినిపించేవారు. నచ్చితే ఆ గాయని పాడేది, దేశమంతా వినేది. నమూనా పాడిన అమ్మాయి పేరు ఎవరికీ తెలిసేది కాదు.

1974 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం లోరీన్ ఓవర్‌బీ వచ్చింది. పక్కనున్న చిన్న ఊరు డిక్సన్ నుంచి బస్సులో, వానలో గొడుగు లేకుండా. జుట్టు చివర్ల నుంచి నీళ్లు కారుతుంటే, పాట కాగితం మాత్రం తడవకుండా కోటు లోపల దాచుకుంది.

"ఏ శ్రుతిలో పాడతారు?" అని అడిగాను.

"మీరు మొదలుపెట్టండి, అందుకుంటాను."

ముందు తాళం లెక్కలో పదహారు అంకెలు గిటార్ ఒక్కటే మోగాలి. తర్వాత ఆమె అందుకోవాలి. ఆమె మూడో అంకెకే అందుకుంది.

టేపు ఆపి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి రెండో అంకెకే.

"అమ్మాయ్, నేనింకా వాయిస్తున్నాను."

"వినిపిస్తోందండీ. శ్రుతి తెలిసిపోయిందిగా, ఇంకా దేనికి?"

"పాట రాబోతోందని జనానికి చెప్పడానికి."

"వస్తే వాళ్లకే తెలుస్తుంది కదా."

టేపు దగ్గర కూర్చున్న బర్ల్ పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"పదహారు లెక్కపెట్టేదాకా నోరు తెరవకండి. అంతే."

"ఆ పదహారూ నన్నేం చెయ్యమంటారు?"

"నేను వాయించేది వినండి."

"నోరు మూసుకుని మగవాళ్లు చెప్పేది వినాలంటే మా ఊళ్లోనే ఉండేదాన్ని. బస్సు చార్జీ అయినా మిగిలేది."

ఇంతలో రేకుల మీద వాన మళ్లీ దబదబా మొదలైంది. ఆ చప్పుడు టేపులో పడుతుందని పని ఆపేశారు. ఇద్దరం వంటగదిలో కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డాం. అప్పుడు చెప్పింది, కొంచెం సిగ్గుపడుతూ.

"మా చర్చిలో పియానో కూడా ఉండదు. మా నాన్న చిన్న పీక ఊది ఒక్క స్వరం ఇస్తారు. చెయ్యి దించుతారు. అందరం ఒక్కసారి అందుకుంటాం. పాటకి ముందు ఎవరైనా నన్ను ఆపడం నా జన్మలో ఇదే మొదటిసారి."

"గిటార్‌తో ఎప్పుడూ పాడలేదా?"

"మీతోనే మొదలు. అందుకే ఇంత అందంగా ఉంది." కప్పు వెనక నవ్వు దాచుకుంది.

వాన తగ్గేసరికి గంట గడిచిపోయింది. పాట రాసినాయన గడియారం చూసుకుంటున్నాడు. నేను నా పదహారు అంకెలూ తీసేశాను. నిశ్శబ్దంలోంచి ఆమె గొంతు నేరుగా లేచింది. నేను వెనకాల మెల్లగా చేరాను. మొదటిసారికే అయిపోయింది. బర్ల్ టేపు ఆపడం కూడా మరిచిపోయాడు.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మిస్టర్ టిడ్వెల్, మీకు పదహారు అంకెలు బాకీ ఉన్నాను."

"ఎప్పుడు తీరుస్తారు?"

"వినక తప్పనంత బాగా వాయించినప్పుడు."

ఆ బాకీ వంకతో నేను డిక్సన్ వెళ్లడం మొదలుపెట్టాను. వెళ్లిన ప్రతిసారీ ఊరి బయట కారు ఆపి వాయించేవాణ్ణి. ప్రతిసారీ ఆమె ముందే అందుకునేది.

ఆగస్టులో ఆమెను కారులో ఇంటికి దింపుతుంటే రేడియోలో ఆ పాట వచ్చింది. పాడింది పెద్ద గాయని. కానీ ప్రతి మలుపూ లోరీన్‌దే. ఊపిరి తీసుకున్న చోట్లు కూడా లోరీన్‌వే.

"ఇది నీ పాట! నీ పేరెక్కడా లేదు!" స్టీరింగ్ మీద గుద్దాను.

ఆమె పాట అయిపోయేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది. "చర్చిలో నా పక్కనే అమ్మ పాడేది. అమ్మ గొంతు ఎక్కడ ఆగిందో నా గొంతు ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలిసేది కాదు. అప్పుడు బాధనిపించలేదు. ఇప్పుడు కొంచెం అనిపిస్తోంది, వెర్నన్. కొంచెమే."

నేను కారు పక్కకు ఆపాను. చాలా రోజులుగా కూడబలుక్కున్న మాట బయటికి తీశాను.

"లోరీన్, నన్ను పెళ్లి..."

"చేసుకుంటాను."

"నేనింకా అడగలేదు!"

"మాట తెలిసిపోయిందిగా." వెంటనే నవ్వు తగ్గించింది. "కానీ నాన్న ఒప్పుకోవాలి. ఆయన్ని కాదని మాత్రం రాలేను. ముందే చెప్తున్నాను."

ఆ ఆదివారం వాళ్ల చర్చికి వెళ్లాను. నేను పుట్టి పెరిగింది ఆర్గన్ మోగే చర్చిలో. అక్కడ వంద గొంతులు నాలుగు పాయలుగా విడిపోయి కలిసిపోతుంటే వింటూ ఉండిపోయాను. వాద్యం లేని లోటు ఎక్కడా కనిపించలేదు.

తర్వాత వాళ్లింట్లో భోజనాల దగ్గర కోడి వేపుడు గిన్నె నా వైపు జరుపుతూ లోరీన్ నాన్న క్లీటస్ ఓవర్‌బీ గారు అన్నారు: "అబ్బాయ్, ఇవాళ మా చర్చిలో నీ ఎడమ చెయ్యి గిటార్ వాయించింది."

లోరీన్ చేతిలోంచి ఫోర్క్ జారిపడింది. నిజమే, పాటలు సాగినంతసేపూ నా వేళ్లు బైబిలు అట్ట మీద తీగలు నొక్కుతూనే ఉన్నాయి. నాకే తెలియదు.

"క్షమించండి. అలవాటు. కానీ ఒక మాట అడగొచ్చా? మీరు ఊదే పీక మాత్రం వాద్యం కాదా?"

బల్ల దగ్గర అందరూ నమలడం మానేశారు. ఆయన చొక్కా జేబులోంచి పీక తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పి నోరు మూసుకుంటుంది. నీది మూసుకుంటుందా?"

ఆయన చాలాసేపు నా ఎడమ చేతివేళ్ల మీది కాయలు చూశారు.

"పని చేసే చెయ్యే. నా పిల్లనిస్తాను. ఆ పెట్టె మాత్రం నా గుమ్మం దాటి రాకూడదు."

అలా పెళ్లయింది. ప్రభువు దయవల్ల ఆ గిటార్ మీదే ఇద్దరు పిల్లల్ని చదివించాను. మామగారింటికి వెళ్లిన ప్రతిసారీ మాత్రం అది గుమ్మం బయట డిక్కీలోనే ఉండిపోయింది. లోరీన్ బాకీ కూడా అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో నేను ఏది మొదలుపెట్టినా గిన్నెలు కడుగుతూ మూడో అంకెకే అందుకునేది. "బాకీ!" అని అరిస్తే, "ఇంకా అంత బాగా వాయించలేదు," అని జవాబు.

మొన్న అక్టోబరుకి మామగారికి తొంభై వచ్చాయి. చర్చికి వెళ్లే ఓపిక లేక, ఆదివారం మధ్యాహ్నాలు ఆయన మంచం పక్కనే పాడుతున్నాం. ఒకరోజు మూడు కీర్తనలయ్యాక కళ్లు మూసుకుని అన్నారు:

"వెర్నన్, డిక్కీలో ఉన్నదాన్ని పట్రా."

లోరీన్, నేను ముఖాలు చూసుకున్నాం. "నాన్నా, గిటారా?"

"ఇది చర్చి కాదు, నా పడకగది. మీ పెళ్లికి ముందు రేడియోలో ఒక పాట వచ్చేది. నా కొట్లో మేకులు తూస్తూ విన్నాను. పాడేది ఎవరో. ఊపిరి తీసుకునే చోట్లు మాత్రం మా ఇంటివి. ఈ పిల్లకి ఏడేళ్లప్పుడు నేను నేర్పినవి." గొంతు సవరించుకున్నారు. "ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు. అనాల్సింది."

లోరీన్ ఆయన దుప్పటి సర్దింది. సర్దినదాన్నే మళ్లీ సర్దింది.

గిటార్ మొదటిసారి ఆ గుమ్మం దాటింది. 1974లో తీసేసిన ఆ పదహారు అంకెల ఎత్తుగడ నా వేళ్లలో ఇంకా ఉంది. మొదలుపెట్టాను. రెండో అంకెకే లోరీన్ ఊపిరి తీసుకుంది.

మామగారు చెయ్యెత్తారు. చర్చిలో అందర్నీ ఆపే చెయ్యి. అది దిగలేదు.

లోరీన్ ఆగిపోయింది. ఆ చెయ్యి వైపు చూసింది. తర్వాత నా వేళ్ల వైపు, తర్వాత నా ముఖంలోకి. ఇన్నేళ్లలో మొదటిసారి, నేను వాయిస్తుంటే ఆమె వింటోంది. అరవై దాటినవాణ్ణి, చెవులు వేడెక్కాయి. ఒక స్వరం తప్పాను కూడా.

పదహారో అంకెకు చెయ్యి దిగింది. ఆమె అందుకుంది.

పీక గురించి ఆయనన్న పాత మాట గుర్తొచ్చి నేను తీగల మీద అరచెయ్యి ఆన్చి ఆపేశాను.

"ఆపమని నేనన్నానా?" అన్నారాయన, కళ్లు తెరవకుండానే.

మళ్లీ వాయించాను. చివరిదాకా. దేవుడు విన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మామగారి వేళ్లు మాత్రం దుప్పటి మీద తాళం వేశాయి.

పాటయ్యాక లోరీన్ చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుంది.

"లెక్కపెట్టావా?"

"పదహారు."

"అయితే ఇక నీకు నేనేమీ బాకీ లేను," అంది.