ఏడుగురూ ఎక్కారు

ఏడుగురూ తిరిగొచ్చేశారని మా ఎనిడ్ అత్త చెప్పింది. వాళ్ళు రాలేదు. జరిగిన తప్పు అదే.

రెన్‌బీ యుద్ధవిమానాల మైదానంలో, తూర్పు కంచె పక్కన ఒక మలుపు ఉండేది. 1943 మార్చిలో ఒక బాంబర్ అక్కడే కూలి తగలబడింది. ఏడుగురు పోయారు. ఒక ముళ్ళపొద మాడి అలాగే నిలబడిపోయింది. అప్పట్నుంచీ, పొగమంచు పట్టిన రాత్రి ఆ మలుపులో బండి ఆపకూడదని డ్రైవరమ్మాయిలు చెప్పుకునేవాళ్ళు. ఆపితే... వెనక ఎవరో ఎక్కుతారట.

"ఎక్కనీ, టికెట్టు అడుగుతా," అనేది అత్త. అప్పుడామెకి ఇరవై రెండేళ్ళు.

సాయంత్రం ఒక బాంబర్ నడిపే ఏడుగురిని గుడారపు గుడ్డ కప్పిన లారీలో వాళ్ళ విమానం దగ్గర దింపాలి. వాళ్ళు తిరిగొచ్చాక లారీలో వెనక్కి తేవాలి. అదీ ఆమె పని. ఆఖర్న ఎక్కినవాడు రేకు మీద రెండుసార్లు కొడితే బండి కదలాలి. అంతకుముందు డ్రైవరు దిగి, టార్చి వేసి, ముఖాలు లెక్కపెట్టాలని రూలు. ఆ చలిలో ఆ రూలు పట్టించుకున్నవాళ్ళు లేరు.

అదే సంవత్సరం నవంబరులో ఒక సాయంత్రం లారీ దిగుతూ డెజ్మండ్ అన్నాడు — పైలట్, ఇరవై ఒక్కేళ్ళవాడు — "ఎనిడ్, నేను రాకపోతే నా గుడ్డు నువ్వు తినెయ్."

తిరిగొచ్చినవాళ్ళకి మాత్రమే వేయించిన గుడ్డు పెట్టేవాళ్ళు. యుద్ధం రోజుల్లో గుడ్డంటే పండగే.

"నీ ఎంగిలి నాకెందుకు? నువ్వే వచ్చి మెక్కు," అంది అత్త.

తెల్లవారుజామున మూడింటికి సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొచ్చింది. రేడియో పాడైన విమానాలు చెప్పాపెట్టకుండా దిగుతున్నాయి. ఏది దిగిందో, ఏది లేదో డ్రైవర్లు వచ్చి చెబితేగానీ తెలియని పరిస్థితి. ఆఫీసులో నల్లబల్ల మీద వచ్చిన టైములు ఒక్కొక్కటే పడ్డాయి. ఒక్కో విమానానికి ఒక్కో గడి; అది నిండకపోతే సముద్రం మీద వెతకడానికి పడవ పంపుతారు. ఒక్క గడి ఖాళీ.

డెజ్మండ్ వాళ్ళది.

అత్త లారీ తీసింది. దారి అంచున సున్నం కొట్టిన రాళ్ళు చూసుకుంటూ పోతోంది. కాసేపటికి ఆ రాళ్ళూ కనపడలేదు. బ్రేకు వేసింది. అద్దానికి ఎదురుగా... మాడిన ముళ్ళపొద.

ఎక్కడ ఆగిందో ఆమెకి తెలిసింది. అయినా కదల్లేదు. ఎక్కడో ఇంజన్ చప్పుడు విన్నట్టనిపించింది. వాళ్ళు నడిచొస్తే ఈ దారినే రావాలి. రండిరా... రండి... అనుకుంటూ స్టీరింగు పట్టుకుని కూర్చుంది.

బూట్ల చప్పుడు.

లారీ వెనక వైపు కిందికి కుంగింది. ఒకరు. ఇద్దరు... ఏడుగురు. కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. విమానానికి గుండు దెబ్బ తగిలి మంటలంటుకున్నట్టున్నాయి అనుకుంది. "ఏం నాయనా, పాట లేదా ఇవాళ?" అని అరిచింది.

కాసేపయ్యాక ఎవరో, చాలా మెల్లిగా —

"ఇంతసేపా..."

టక్. టక్.

దిగి టార్చి వెయ్యాలి. వెయ్యలేదు. చలికి కాదు, సంతోషానికి. గేరు వేసింది.

ఆఫీసు ముందు బండి ఆగీ ఆగకముందే లోపలికి పరిగెత్తింది. "వచ్చేశారు! ఏడుగురూ!" గుమాస్తా మేవిస్ సుద్దముక్క తీసుకుని ఖాళీ గడిలో రాసింది — నాలుగూ నలభై.

అత్త బయటికొచ్చి వెనక గుడ్డ ఎత్తింది. ఎవరూ లేరు.

"గుడ్ల కోసం ముందే పరిగెత్తుంటారు, తిండిపోతులు," అంది మేవిస్. అత్త నమ్మింది. నమ్మాలనుకుంది.

ఆరింటికి వంటావిడ గరిటె పట్టుకునే వచ్చింది. "మీ ఏడుగురు ఎక్కడ చచ్చారమ్మా? గుడ్లు చల్లారి చెప్పు అట్టల్లా అయ్యాయి."

మేవిస్ నల్లబల్ల వైపు చూసింది. తర్వాత అత్త వైపు. ఆ గడిని అరచేత్తో తుడిచి, ఫోను అందుకుంది.

రేవు నుంచి పడవ ఆరుంపావుకి కదిలింది. తొమ్మిది దాటాక, సముద్రంలో కూలిన విమానం తాలూకు రబ్బరు తెప్ప దొరికింది. ఏడుగురూ అందులోనే ఉన్నారు, ఒకరినొకరు పట్టుకుని. చలికి పోయారు. "ఇంకో గంటన్నర ముందు గనక..." అన్నాడు డాక్టరు.

విమానానికి దారి చూపే కుర్రాడి జేబులో, మైనం గుడ్డలో చుట్టిన పుస్తకం ఉంది. పెన్సిలు రాత. నాలుగూ నలభై: అందరం తెప్పలో ఉన్నాం, డెజ్ పాడుతున్నాడు, ఆపమంటే ఆపడు. ఆఖరిది ఆరూ యాభై: మన గడి ఖాళీగా ఉందని ఈపాటికి చూసే ఉంటారు.

ఇదంతా అత్త నాకు చెప్పేటప్పటికి నేను కాలేజీ చదువు ముగించి ఉన్నాను. నిద్రలేమి, గాలి, పాత లారీ స్ప్రింగులు అంటూ ఏవో చెప్పాను. ఓపిగ్గా విని, టీ కప్పు కింద పెట్టింది.

"ఆ వేళకి నా వాళ్ళు సముద్రంలో బతికే ఉన్నారే. మరి నా బండెక్కిందెవరు? తెల్లారాక లారీ బెంచీల మీద బూడిద తుడిచింది నేనే. రెండు పక్కలా... ఏడు చోట్ల."

యుద్ధం అయ్యాక అత్త ఇరవై తొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపింది. నేనూ అందులోనే వెళ్ళాను. సాయంత్రం చీకటి పడేది, చేతులు కొంకర్లు పోయేవి. ఆవిడ మాత్రం దిగి, వెనక్కొచ్చి, ఒక్కొక్క ముఖం మీదా టార్చి వేసేది.

"మేం దెయ్యాలం కాదండీ!" అని వెనక సీట్లవాళ్ళు గోల.

"కాదని ముఖం చూపించు మరి."

వానొచ్చినా, మంచు పడినా, ఆలస్యమైందని హెడ్మాస్టరు చీవాట్లు పెట్టినా, ఆఖరి ముఖం కంటితో చూశాకే ఆవిడ బస్సు కదిపింది. రేకు మీద ఎవరెన్నిసార్లు కొట్టినా సరే.