ఓడ బొమ్మ స్టాంపు

"ఇనిస్పెట్రు వొచ్చీసాడమ్మా! దయాసాగర్ బాబుని కుర్సీలోంచి లేపీసాడు. మీ స్టాంపుల బుక్కు తెమ్మన్నాడు. బేగి రండి!"

పోస్ట్‌మ్యాన్ సింగన్న రొప్పుతూ చెప్పిన మాటకి పరిమళ చేతిలోని చాక్‌పీస్ జారిపడి రెండు ముక్కలైంది.

ఆ బుక్కు ఆమె బీరువాలోనే ఉంది. అందులో ఓడ బొమ్మ ఉన్న కువైట్ స్టాంపూ ఉంది. కిందటి శనివారం దాన్ని ఇచ్చింది దయాసాగరే.

నర్సీపట్నం మిషన్ స్కూల్లో పరిమళ అయిదో క్లాసు టీచరు. బడి వదలగానే పిల్లలు తగువులకి పోతున్నారని జూన్‌లో స్టాంపుల క్లబ్బు పెట్టింది. చేరిన పద్నాలుగు మందినీ వెంటేసుకుని పోస్టాఫీసుకి వెళ్ళింది. కౌంటర్లో ఉన్న కుర్ర క్లర్కు దయాసాగర్ కళ్ళెర్రజేశాడు.

"ఇది పోస్టాఫీసండీ, ఎగ్జిబిషన్ కాదు."

"పిల్లలకి ఒక హాబీ నేర్పితే మీకేం నష్టమండీ?"

"నష్టం నాకు కాదు, నా జిగురు సీసాకి. చూడండి, ఆ పాప జడ అందులో ముంచేసింది!"

ఆ జడ లీలది. నవ్వు ఆపుకోలేక పరిమళే ముందు ఓడిపోయింది. ఆ తర్వాత ప్రతి శనివారం కౌంటర్ మీంచి ఒక ఫారిన్ స్టాంపు ఆమె వైపు జరిగేది. ఎక్కడివని అడిగితే, "ఆకాశంలోంచి రాలాయి" అని నవ్వేవాడు.

ఇప్పుడా నవ్వు మీదే ఆమెకి అనుమానం పుట్టింది.

లీల బామ్మ శ్యామలాంబగారికి కువైట్ నుంచి తమ్ముడి ఉత్తరం వచ్చింది. కవరుకి స్టాంపు లేదు. ఆవిడ వెంటనే పైకి కంప్లయింటు రాసింది. అసలే ఎమర్జెన్సీ రోజులు. ఉత్తరం మీద చెయ్యి వేసిన ఉద్యోగికి జైలే.

బడి వంటగదిలో పిల్లలకి ఉప్మా వండిన పొయ్యిలో నిప్పు ఇంకా ఆరలేదు. పరిమళ ఓడ బొమ్మ ఉన్న పేజీని రెండు వేళ్ళతో పట్టుకుని పొయ్యి ముందు నిలబడింది. ఒక్కసారి చింపితే చాలు. సాక్ష్యం ఉండదు.

కానీ అతను నిజంగా దొంగయితే?

బుక్కు మూసి, పోస్టాఫీసుకి నడిచింది. చిన్న చిన్న అడుగులేవో వెనకే వస్తున్నాయి. ఆమె గమనించే స్థితిలో లేదు.

పోస్టల్ ఇన్‌స్పెక్టర్ సూర్యనారాయణమూర్తి పేజీలు తిప్పి, ఓడ బొమ్మ మీద వేలు పెట్టాడు. పక్కనే శ్యామలాంబగారు ముక్కు ఎగబీలుస్తోంది.

"ఇదెవరిచ్చారమ్మా?"

పరిమళ దయాసాగర్ వైపు చూసింది.

"నేనేనండి" అన్నాడు దయాసాగర్.

"నీకెక్కడిది?"

అతను పక్కనున్న తన సంచిని దగ్గరికి లాక్కున్నాడు.

"చెప్పండి!" అంది పరిమళ. "దొంగతనం చేశారా?"

"లేదండీ. చెప్తే ఉద్యోగం పోతుందని భయం. చెప్పకపోతే మీరు దొంగ అనుకుంటారని భయం." ఆమె వైపు తిరిగాడు. "రెండోదే ఎక్కువగా ఉంది."

సంచిలోంచి కవర్ల కట్ట తీసి టేబుల్ మీద పెట్టాడు. కువైట్ రేడియో కవరుతో సహా అన్నీ అతని పేరు మీదే ఉన్నాయి.

"షార్ట్‌వేవ్ రేడియో వింటానండి. మీ ప్రోగ్రాం మా ఊళ్ళో బాగా వినిపించిందని రాస్తే ఫారిన్ స్టేషన్ల వాళ్ళు జవాబిస్తారు. టీచరుగారు స్టాంపులు అడిగాక పదకొండు స్టేషన్లకి రాశాను."

"గవర్నమెంటు సర్వెంటువి! ఎవరి పర్మిషన్‌తో రాశావయ్యా?" ఇన్‌స్పెక్టర్ గర్జించాడు. "సరే, ఇది నీదే అనుకుందాం. మరి ఈవిడ స్టాంపు ఏమైనట్టు?"

శ్యామలాంబగారి కవరు టేబుల్ మీద పడింది. పరిమళ దాన్ని చూసింది.

స్టాంపు పీకలేదు. చింపలేదు. కత్తెరతో, చుట్టూ కొంచెం కాగితం కలుపుకుని, నలుచదరంగా కత్తిరించారు.

'స్టాంపు పీకకూడదు. చుట్టూ పెసరగింజంత కాగితం వదిలి కత్తిరించాలి. తర్వాత నీళ్ళలో నానబెట్టాలి.'

మొదటి పాఠం. చెప్పింది తనే.

నోరు విప్పితే ఒక పసిబిడ్డ దొంగవుతుంది. క్లబ్బు మూతపడుతుంది. తన ఉద్యోగమూ ఉండకపోవచ్చు. విప్పకపోతే అతను జైలుకి పోతాడు.

"ఇది ఈయన పని కాదండీ" అంది. "నా పిల్లల్లో ఎవరో చేశారు. ఇలా కత్తిరించడం నేర్పింది నేను. శిక్ష నాకే వెయ్యండి."

గుమ్మం దగ్గర ఎవరో బావురుమన్నారు.

వెనకాలే వచ్చిన లీల. చేతిలో టిఫిన్ డబ్బా మూత. మూతలో నీళ్ళు. నీళ్ళ మీద తేలుతూ అలాంటిదే ఇంకో ఓడ బొమ్మ.

"గేటు దగ్గర సింగన్న తాత బామ్మ ఉత్తరం నా చేతికే ఇచ్చాడు టీచరుగారూ! ముద్ర పడిపోయింది కదా, స్టాంపు పని అయిపోయిందనుకున్నాను. బామ్మ గోల చూసి భయమేసి చెప్పలేదు."

"ఓసి నీ అల్లరి మండా!" శ్యామలాంబగారు తల పట్టుకుంది. "ఇంట్లో దొంగని పెట్టుకుని పరాయి పిల్లాడి ఉసురు పోసుకునేదాన్నే!"

ఇన్‌స్పెక్టర్ మూతలోకి వంగి చాలాసేపు చూశాడు. చివరికి ఫైలు మూశాడు.

"దొంగతనం కేసు లేదు. రేడియో సంగతికి అర్జీ పెట్టుకో. పర్మిషన్ వచ్చేదాకా ఫారిన్‌కి ఒక్క ముక్క రాశావో, చూడు మరి!"

బయట వాన మొదలైంది. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు.

"పదకొండు స్టేషన్లా?" అంది పరిమళ.

"మీ పిల్లలు పద్నాలుగు మంది కదండీ. ఇంకా మూడు తక్కువ."

"రాయొద్దన్నారుగా!"

"ఫారిన్‌కి రాయొద్దన్నారు. నర్సీపట్నానికి రాయొచ్చు."

మూడో రోజు సింగన్న క్లాసుకే వచ్చి కవరు ఇచ్చాడు. పరిమళ విప్పి చూస్తే లోపల దయాసాగర్ రాసిన ఉత్తరం.

'ఆదివారం ఆరాధన అయ్యాక మీ నాన్నగారు ఏసుపాదంగారితో మాట్లాడమంటారా? ఇన్‌స్పెక్టర్ కంటే ఆయనంటేనే నాకు భయం. మీరు పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుంది.'

కిటికీలోంచి చూస్తే రోడ్డు అవతల సైకిలు పట్టుకుని దయాసాగర్ నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. పరిమళ అతని వైపు చూసి మెల్లగా తల ఊపింది. సైకిలు దబ్బున కింద పడింది.

లీల కత్తెర పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"ఈసారి అడిగే తీసుకుంటున్నాను టీచరుగారూ. కత్తిరించనా?"

"ఇది వద్దమ్మా."

"ఎందుకండీ? ముద్ర పడింది. దీని పని అయిపోయింది కదా!"

పరిమళ కవరుని పుస్తకంలో దాచుకుంది.

"లేదు లీలా. దీని పని ఇప్పుడే మొదలైంది."