ఓబుళప్ప కంప్యూటర్

ధర్మవరంలో ఓబుళప్ప గది ఉన్న సందులో దీపాలు పెట్టే వేళకు ఎవరూ నడవరు. పట్టుచీరల డిజైన్లు గీసే గది అది. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు ఓబుళప్ప. అప్పటి నుంచి పొద్దు వాలితే ఆ గదిలో కరెంటు దానంతటదే పోతుందట... ఈమధ్య మిరపకాయల కమురు కూడా వస్తుందట.

ఇదంతా నాకు చెప్పింది హిందూపురం సురేంద్ర. కంప్యూటర్లు బాగుచేస్తాడు. గోరంతలు కొండంతలు చేసే మనిషి కాబట్టి, సగమే నమ్ముదామనుకుని పెనుకొండ స్టేషన్లో టీ తాగుతూ చెవి అప్పగించాను. రైలు ఎంతకీ రాలేదు. మొత్తం వినాల్సి వచ్చింది.

ఓబుళప్ప పోయేముందు కూతురు సౌమ్య కోసం చెనిక్కాయ, అదే వేరుశనగ, తీగతో చీర అంచు ఒకటి గీశాడు. ఆయన చేతి చివరి డిజైన్ అదే. దాన్ని తన మగ్గం మీద తానే నెయ్యాలని ఆ పిల్ల పట్టు. కానీ కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు — నల్లటి తెర, తెల్లటి అక్షరాలు... డిస్కు చెకింగ్! పూటలు గడిచిపోతాయి. అది ముగిసి డిజైన్ కాపీ చేసుకునేలోపే టక్కుమని చీకటి. పక్కింట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఇక్కడ మాత్రం మెయిన్ స్విచ్ కిందికి దిగి ఉంటుంది. సౌమ్య స్టూలెక్కి దాన్ని పైకెత్తాలి. మళ్లీ మొదటికి... మళ్లీ చెకింగ్.

పద్ధతిగా ఆపకుండా కరెంటు తీసేస్తే ఏ డిస్కయినా అంతే. ఇట్లాగే సాగితే ఏదో ఒకరోజు అంచుతో సహా చచ్చిపోతుంది. సౌమ్య పంపిన మెసేజ్ చదివిన సురేంద్ర భయం అదే. వెంటనే ఫోన్ చేశాడు. సౌమ్య మగ్గం మీద ఉంటే అవ్వ మారెమ్మ ఎత్తింది.

"డిస్కు తియ్యాల, సౌమ్యకు చెప్పవ్వా" అన్నాడు.

పది రోజులకు కొత్త డిస్కుతో అతను వచ్చేసరికి గది నేలంతా ఎర్రటి చుక్కలు. కీబోర్డు సందుల్లో ఉప్పు.

"ఇదేంది సౌమ్యా?"

"ఏమోన్నా... కరెంటు పోతానే నేను బయటికి ఉరుకుతా. మళ్లా వచ్చి చూస్తే ఇట్లుంటాది."

కాపీ మొదలుపెట్టారు. తెర మీద పచ్చగీత నత్తలా కదులుతోంది. బయట పొద్దు వాలుతోంది. సౌమ్య గోళ్లు కొరుక్కుంటూ ఆ గీతనే చూస్తోంది... వెనక తలుపు కిర్రుమంది.

పొగ. కమురు. పొగలోంచి ఒక తెల్లటి తల...

సురేంద్ర కెవ్వుమన్నాడు. (ఈ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు లెండి.)

వచ్చింది మారెమ్మ అవ్వ. చేతిలో ఎర్రనీళ్ల పళ్లెం, ఉప్పు, కాలుతున్న మిరపకాయలు.

"అవ్వా, ఏం చేస్తాండావు!"

"నువ్వే గదప్పా ఫోన్లో చెప్తివి, దిష్టి తియ్యాల అని! దినామూ తీస్తానే ఉండా."

సౌమ్యకు నవ్వాగలేదు. చాన్నాళ్ల తర్వాత నవ్వింది. సురేంద్రకు మాత్రం మండింది.

"డిస్కు అంటే దిష్టి అనుకుంటివా! సరే, మెయిన్ ఎందుకు దించుతాండావు?"

అవ్వ వంగిన నడుం మీద చెయ్యి పెట్టుకుని తల పైకెత్తింది.

"మెయినా? అది నాకు యాడ అందుతాది నాయనా?"

ముగ్గురూ పైకి చూశారు. పిల్లలకు అందకూడదని దాదాపు కప్పు దగ్గర బిగించిన స్విచ్ అది. ఆరడుగుల ఓబుళప్ప ఒక్కడే నిలబడి అందుకునేవాడు. పొద్దు వాలగానే చెయ్యెత్తి దించేసి, 'ఇంక చాల్లే, పోదాం పాండి' అనేవాడు.

నవ్వు ఆగిపోయింది. తెర మీద పచ్చగీత చివరంటా వెళ్లింది. కాపీ పూర్తయింది.

అప్పుడు... తలల మీద...

టక్.

ఈసారి సౌమ్య ఉరకలేదు. చీకట్లో మెల్లగా అంది — "అయిపాయ నాయనా. ఇంక చాల్లే, పోదాం పా."

రైలు కూత వినిపించింది. "మరి ఇప్పుడో?" అన్నాను లేస్తూ.

"మళ్లా డిస్కు చెకింగ్ రాలే సామీ. పొద్దు వాలకముందే పద్ధతిగా కంప్యూటర్ ఆపేస్తాది ఆ పాప. మెయిన్ మాత్రం ముట్టదు. అది వాళ్ల నాయన పని."