పన్నెండో కాగితం

ఉదయం 8:05. గ్యాలరీలో పన్నెండో ఫ్రేము ఖాళీగా ఉంది.

మిగతా పదకొండు నలుపు-తెలుపు ఫొటోలు గోడల మీద భద్రంగానే ఉన్నాయి. పోయింది ఒక్కటే, ఫొటోగ్రాఫర్ తన తల్లిని చివరిసారిగా తీసినది. దాని ఫైలున్న హార్డ్ డిస్క్ పోయిన వారమే పాడైంది. ఇక లోకంలో ఉన్న కాపీ అదొక్కటే.

8:40కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ఆవిడకు ఓపిక తక్కువ. తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయని అడిగితే, కాపలా ఉండే పెద్దాయన చెయ్యెత్తాడు.

"పొద్దున ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదమ్మా, మనవాళ్లు తప్ప."

"సంచి ఇటియ్యి."

అందరి ముందూ బోర్లించింది. టిఫిన్ డబ్బా, కళ్లజోడు, మందుబిళ్లలు. అంతే. పెద్దాయనకు తల కొట్టేసినట్టయింది. ఆ ఫొటోలన్నీ ప్రింట్ చేసిన ఫొటోగ్రాఫర్ తమ్ముడు పక్కనే కుక్కిన పేనులా నిలబడ్డాడు.

"పోయిన ఫొటో ఎలా ఉండేది?"

"మిగతావాటికంటే తెల్లగా ఉండేది. చూసినవాళ్లంతా దాన్నే మెచ్చుకున్నారు" అంది ఫొటోగ్రాఫర్.

ఇన్‌స్పెక్టర్ ఆ మాట వింది గాని పట్టించుకోలేదు.

11:20. ఖాళీ ఫ్రేము వెనక టేపుకి గోరంత కాగితం ముక్క అంటుకుని కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది పొద్దుటి మాట. టికెట్ కౌంటర్లో దొంగనోట్లు పట్టే లైటు తెప్పించి, ముగ్గుర్నీ పిలిచింది.

లైటు కింద ముక్క నీలంగా మెరిసింది. గోడ మీది ఫొటో ఒక్కటీ మెరవలేదు.

"మీరు ఏ కాగితం వాడారు?"

"కాటన్ పేపర్. తెల్లదనానికి రసాయనం కలపనిది" అంది ఫొటోగ్రాఫర్. "నూరేళ్లుంటుందని నేనూ తమ్ముడూ నెల రోజులు వెతికి ఎంచుకున్నాం. ఈ మెరిసేది నాలుగేళ్లకే పసుపెక్కుతుంది."

"అంటే దొంగకి కావలసింది ఫొటో కాదు. ఆ కాగితం అక్కడ ఉండకూడదనే తీశాడు. ఆ తేడా ప్రింట్ చేసినవాడికే తెలుసు."

తమ్ముడు తల దించుకున్నాడు.

"డబ్బాలో కాటన్ కాగితాలు పన్నెండే ఉన్నాయక్కా. ఆఖరిది ప్రింటర్లో తిరగేసి పెట్టా. ఇంకు పట్టేది ఒక వైపే కదా, నలుపంతా బూడిదైపోయింది. మర్నాడే ఎగ్జిబిషన్. మామూలు కాగితం మీద వేసేశా. తర్వాత డిస్కు పోయింది. ఇవాళ 7:10కి వచ్చి తీసుకెళ్లా. స్కాన్ చేసి, కాటన్ మీద వేసి, పదింటికల్లా పెట్టేద్దామనుకున్నా. నువ్వు ఎనిమిదింటికే వచ్చేశావు. అమ్మ ఫొటో నా గదిలో భద్రంగా ఉంది."

"చెప్పుంటే నేనే విప్పి ఇచ్చేదాన్ని కదరా." అంది అక్క.

"మొహం చెల్లలేదు."

"మరి ఆయన సంచి బోర్లిస్తుంటే నీకు నోరెందుకు పెగల్లేదు?"

ఆ ప్రశ్న ఇన్‌స్పెక్టర్‌కి కూడా తగిలింది. సంచి బోర్లించింది తనే మరి.

ఆవిడ పెద్దాయన దగ్గరికి వెళ్లింది.

"తప్పు నాదండీ. మనవాళ్లంటే ఎవరని మిమ్మల్ని అడగాల్సింది."

"అడిగితే చెప్పేవాణ్ణమ్మా."

పెద్దాయన జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవి ఇంకెవరికైనా ఇవ్వండి."