ముగ్గురి కుండీ గంట

లెక్కల పీరియడ్ మధ్యలో కిటికీ దగ్గరున్న పూలకుండీ ఒక్కసారిగా కీచుమంది. మాస్టారి చేతిలోని చాక్‌పీసు జారి కింద పడింది.

"దానికి దాహం వేసింది సార్!" అని చిటపట అనే పిల్ల ఎగిరి గంతేసింది.

క్లాసంతా ఘొల్లున నవ్వింది.

"అయితే చూస్తావేం? నీళ్ళు పొయ్యి," అన్నారు మాస్టారు.

చిటపట స్నేహితురాలు పొడుగు నీళ్ళ సీసా పట్టుకుని పరిగెత్తింది. మట్టి తడవగానే కుండీ నోరు మూసుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ కుండీ గంట కోసం పిల్లలు నానా తంటాలు పడ్డారు. మట్టిలో రెండు మేకులు గుచ్చి, వాటి నుంచి వైర్లు లాగి, ఒక చిన్న సర్క్యూట్ ద్వారా బ్యాటరీకీ బజర్‌కీ కలిపారు. మట్టి ఎండి మేకుల మధ్య కరెంటు పారకపోతే మోగాలి, తడిసి పారితే ఆగాలి. ఇన్నాళ్ళకు మోగింది!

చిటపట, పొడుగు అసలు పేర్లు కావని మీకు తెలిసే ఉంటుంది. స్కూళ్ళ పిల్లలు కబుర్లు రాసుకునే 'అరుగు'లో అసలు పేర్లు వాడకూడదని కంప్యూటర్ టీచర్ చెప్పారు. అందుకని పెట్టుకున్న పేర్లే క్లాసులోనూ స్థిరపడిపోయాయి. పొయ్యి మీద ఆవాల్లా ఆగకుండా మాట్లాడే పిల్లకి చిటపట కాక ఇంకేం పేరు పెడతారు?

ఇంటర్నెట్‌లో ఉన్న ఈ అరుగుకి పెద్ద యజమాని అంటూ ఎవరూ లేరు. ఏ స్కూలు అరుగు ఆ స్కూలుదే. వీళ్ళది కంప్యూటర్ గదిలో, బల్ల కింద గుర్రుమంటూ ఉండే పాత కంప్యూటర్‌లో ఉంటుంది. ఇక్కడ రాసిన కబురు మిగతా స్కూళ్ళ అరుగులకూ చేరుతుంది.

భోజనాల వేళ చిటపట గంట వీడియో పెట్టి, కింద ఇలా రాసింది: "స్క్రూ, చూశావా? మేము తయారుచేసిన కుండీ గంట మోగింది!"

స్క్రూ వాళ్ళ స్నేహితుడే. వాడి జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవర్ ఉంటుంది. నాన్నకు బదిలీ అయితే పోయిన నెలే వేరే ఊరి స్కూల్లో చేరాడు. ఇప్పుడు ఆ స్కూలు అరుగులో ఉంటున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళాక ఫోన్‌లో వాడి జవాబు వచ్చింది. చిటపట సంబరంగా చదివి వినిపించింది.

"'బాగుంది. మీరు చాలా బాగా చేశారు.' విన్నావా అమ్మా, స్క్రూ మెచ్చుకున్నాడు!"

అమ్మ కుట్టు మిషన్ ఆపింది. "మీరా? వాడు నీకింత మర్యాద ఎప్పట్నుంచి ఇస్తున్నాడే? నోరు తెరిస్తే 'ఏయ్ చిటపటా' అనేవాడుగా!"

"మర్యాద కాదమ్మా. నన్నూ పొడుగునీ కలిపి మీరు అన్నాడు."

"ఓహో, మీరిద్దరే చేశారా? మరి ఇక్కడే నేల మీద బోర్లా పడుకుని వైర్లు కలిపిందెవరు? నా బట్టల కత్తెరతో వైరు కోసి దాని పదును పోగొట్టిందెవరు?"

నిజమే, అదంతా చేసింది స్క్రూ!

చిటపట ఫోన్ మళ్ళీ చూసింది. స్క్రూనే పేరు పెట్టి పిలిచి, వాడితోనే "మేము" అంది. అంటే నువ్వు కాకుండా మేము! అందుకే వాడు "మీరు" అన్నాడు. వాడు ఎంత బాధపడి ఉంటాడో తలచుకుంటే ఏడుపొచ్చింది.

గబగబా "మేము" చెరిపి "మనం" అని దిద్దింది. హమ్మయ్య అనుకుంది.

మర్నాడు కంప్యూటర్ గదిలో టీచర్ స్క్రూ వాళ్ళ స్కూలు అరుగు తెరిచి చూపించారు. అక్కడ ఇంకా "మేము" అనే ఉంది.

"నేను మార్చేశాను కదా టీచర్!"

"మన అరుగులో మార్చావు. నిన్న నువ్వు రాయగానే వాళ్ళ అరుగు ఒక కాపీ తీసుకుంది. నువ్వు దిద్దిన సంగతి మన కంప్యూటర్ చెప్పింది కానీ వాళ్ళది వినిపించుకోలేదు."

"మీరు వెళ్ళి మార్చలేరా?"

"వాళ్ళింటి గోడ మీద నేనెలా రాస్తాను తల్లీ? అయినా వాడు చదివేశాడుగా."

అంతలో క్లాసులోంచి కీచుమని అరుపు. చిటపట పరిగెత్తింది. పొడుగు అప్పటికే కుండీలో సీసాడు నీళ్ళు ఒంపేసింది. నేలంతా తడి. అయినా గంట ఆగడం లేదు.

"మాస్టారు వచ్చేలోపు ఏదో ఒకటి చేద్దాం పద," అంది పొడుగు బ్యాటరీ ఊడదీస్తూ.

"ఏదో ఒకటి వద్దు. నువ్వు వీడియో తీశావా? ఇటివ్వు," అంది చిటపట.

ఆ వీడియో పెట్టి, అరుగులో కొత్త కబురు రాయడానికి కూర్చుంది. ఎప్పుడూ టకటకా రాసేసే పిల్ల ఈసారి ఒక్కో మాటా ఆలోచించి రాసింది.

"స్క్రూ, నిన్న 'మేము' అన్నాను. తప్పు నాదే, సారీ. వైర్లు కలిపింది నువ్వే. నువ్వు లేకపోతే గంటే లేదు. ఆ మాట చెరపబోయాను, మీ అరుగులో పోలేదు. పోనీలే, దాని కిందే ఇదీ ఉండనీ. ఇంకోటి, మన గంట తడిమట్టిలోనూ అరుస్తోంది. ఏం చేద్దాం?"

భోజనాలయ్యాయి. ఆటల పీరియడ్ అయింది. జవాబు లేదు.

ఇంటికెళ్ళేముందు చిటపట చివరిసారి అరుగు తెరిచింది.

"ఏయ్ చిటపటా! నీకు బుర్రుందా? నీళ్ళలో నానితే మేకులకి తుప్పు పట్టదూ? తుప్పుంటే కరెంటు సరిగ్గా పారదు, మట్టి ఎండిందనుకుని గంట అరుస్తుంది. మనం వాటిని బయటికి తీసి గరుకు కాగితంతో రుద్దాలి. కత్తెరతో గీకకండి, అమ్మ తిడుతుంది!"

చిటపట పకపకా నవ్వింది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"మనమా? వాడు అక్కడుండి ఎలా రుద్దుతాడు?" అంది పొడుగు.

"వాడు చెప్తాడు, నేను రుద్దుతాను, నువ్వు వీడియో తియ్యి."

చిటపట మట్టిలోంచి రెండు మేకులూ లాగి, ఎర్రటి తుప్పు రాలిపోయేదాకా రుద్దింది. వాటిని కెమెరా ముందుకి చాపింది.

"సరిపోయిందా స్క్రూ? ఇంకా రుద్దాలా? నువ్వు చూసి చెప్పాకే మన గంట బిగిద్దాం."