తొడుగు తీయని చెయ్యి

సాయంత్రం ఐదు కాకముందే అడవిలో చీకటి పడింది. మిషిగన్ ఉత్తరపు కొసన నవంబరులో పగలు అలా ముఖం చూపించి వెళ్లిపోతుంది. ఇర్మా కొస్కెలా తన పికప్ బండి ఇంజను వేడెక్కనిచ్చి, వెనక తలుపు తెరిచి నిలబడింది. ఆమె మరిది ఆర్వో మంచులో కుంటుకుంటూ వచ్చాడు. పొద్దుటి నుంచీ మంచె మీద కూర్చున్నా ఒక్క దుప్పి కనిపించలేదట. తప్పు గాలిదట, మంచెదట, మధ్యాహ్నం తిన్న మాంసం కూరిన పాస్టీ రొట్టెలో ఉల్లిపాయలదట. తనది మాత్రం కాదట.

అతని చేతిలో ఉన్నది ఇర్మా భర్త రెయ్‌నో తుపాకీ. రెయ్‌నో పోయి ఆరేళ్లు. అప్పటినుంచీ అది బీరువాలో తాళం కిందే ఉంది. ఆర్వో తుపాకీ మరమ్మతుకి వెళ్లడంతో ఈ వేట రోజులకి ఇమ్మని అడిగాడు. కాదనడానికి ఆమెకి కారణం దొరకలేదు. ఉన్న ఒక్క కారణం పైకి చెప్పేది కాదు.

తుపాకీ బండెక్కేముందు అక్కడందరూ పాటించే పద్ధతి ఒకటుంది. పట్టుకున్నవాడు తుపాకీ పక్కనుండే బోల్టు పిడిని వెనక్కి లాగి గూడు తెరవాలి. పక్కనున్న మనిషి చేతి తొడుగు తీసి, తూటా కూర్చునే గూట్లో చిటికెన వేలు పెట్టి చూసి, "ఖాళీ" అని పైకి అనాలి. ఆ మాట పడ్డాకే తుపాకీ సంచిలోకి, సంచి వెనక సీటు మీదికి, తూటాలు ముందు డాష్‌బోర్డు అరలోకి. చీకట్లో కంటిని నమ్మరు వాళ్లు, వేలిని నమ్ముతారు.

ఇర్మా పళ్లతో తొడుగు లాగేసి వేలు పెట్టింది. చల్లటి ఇనుము చురుక్కుమంది. తీసి మళ్లీ పెట్టింది.

"ఖాళీ."

"మా అన్నకి ఇందులో సగం జాగ్రత్త ఉంటే బతికేవాడు," అన్నాడు ఆర్వో తూటాలు అరలో వేస్తూ. ఐదు తెచ్చారు, ఐదూ ఉన్నాయి.

ఈ మాట అతను ఆరేళ్లుగా అంటూనే ఉన్నాడు. కాఫీ కొట్టులో అన్నాడు, చర్చి మెట్ల మీద అన్నాడు, ఆఖరికి సమాధి దగ్గర కూడా అన్నాడు. ఊరంతా తలాడించింది. రెయ్‌నో తూటా ఉన్న తుపాకీని బండిలో వేసుకొచ్చాడు, ఇంటి ముందు సంచిని తనవైపు లాక్కున్నాడు, అది పేలింది. చేజేతులా చచ్చాడని ఊరి తీర్పు. ఇర్మా ఎప్పుడూ ఏమీ అనలేదు. ఇప్పుడూ గేరు మార్చింది.

పన్నెండు మైళ్ల దారి. రెండువైపులా చెట్లు, లైట్ల వెలుగులో మంచు. బండిలో తడి ఉన్ని కోటు వాసన, తుపాకీ నూనె వాసన. కాసేపటికి వాటిలో ఇంకో వాసన కలిసింది. పుదీనా కలిపిన నమిలే పొగాకు. ఆర్వోకి ఆ అలవాటు లేదు. ఆ అలవాటున్న మనిషి...

టక్... టక్.

వెనక నుంచి. బోల్టు వెనక్కి వెళ్లి ముందుకొచ్చిన చప్పుడు. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు దాన్ని ఇంకో చప్పుడనుకోరు.

ఇర్మా బండి ఆపింది. ఇద్దరూ దిగారు. సంచి విప్పి ఆర్వో బోల్టు లాగాడు. తూటా ఒకటి ఎగిరి అతని అరచేతిలో పడింది. ఆమె పరుగున వెళ్లి అర తెరిచింది. ఐదూ అక్కడే ఉన్నాయి. ఇది ఆరోది. ఫోను వెలుగులో చూస్తే దాని వెనక చిన్న ఎర్రటి చుక్క కనిపించింది, ఇర్మా గోళ్ల రంగు. తన తూటాలు తమ్ముడి వాటిలో కలవకుండా రెయ్‌నో పెట్టుకునే గుర్తు. అలాంటివి ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. అన్నీ ఆమే తీసుకెళ్లి చెరువులో పారేసింది.

"నువ్వు వేలు పెట్టావుగా, వదినా?" అన్నాడు ఆర్వో. గొంతులో వెటకారం లేదు.

"రెండుసార్లు పెట్టాను."

అతను ఆ తూటాని మంచులోకి విసిరేశాడు. బండి కదిలింది. ఆమె ఒకసారి అద్దంలోకి చూస్తుంది, ఒకసారి రోడ్డుకేసి, మళ్లీ అద్దంలోకి. వెనక సీటు నల్లగా ఉంది. పొగాకు వాసన మెడ మీదికి వచ్చింది...

టక్... టక్.

"ఆపకు," అని గుసగుసగా అన్నాడు ఆర్వో.

ఆమె ఆపింది. దిగలేదు. అద్దంలోకి చూస్తూనే చెప్పింది.

"ఆ రోజు తప్పు మీ అన్నది కాదు. తను బోల్టు లాగి పట్టుకునే నిలబడ్డాడు. నా వేళ్లు కొయ్యబారిపోయాయి. తొడుగు తీయలేదు. వేలు పెట్టకుండానే ఖాళీ అన్నాను. నా మాట నమ్మి సంచిలో పెట్టాడు."

ఆర్వో ఆమె వైపు తిరిగాడు.

"ఆరేళ్లు వాణ్ణి తిట్టాను. నీ ఎదురుగా తిట్టాను. కాఫీ పోస్తూ విన్నావు."

"విన్నాను."

దిగి చూశారు. గూడు ఖాళీగా ఉంది. వాసన కూడా పోయింది. ఇర్మాకి ఏడుపొచ్చింది. ఆరేళ్లుగా గుండెల మీదున్న బరువు దిగిందనిపించింది. రేపు కాఫీ కొట్టులో అందరి ముందూ చెప్పాలి, మొగుడి పేరు మీద పడ్డ మచ్చ తుడవాలి అనుకుంది. ఆ మాటే పైకి అంది.

మిగతా దారిలో ఆర్వో మెత్తబడ్డాడు. ఊళ్లోకి వచ్చేసరికి పూర్తిగా మారిపోయాడు. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఉన్నదానివి నువ్వు ఈ ఊళ్లో ఎలా తలెత్తుకు తిరుగుతావు, ఇది మనిద్దరి మధ్యే ఉండనీ అన్నాడు. ఇర్మా ఒక్క క్షణం ఆలోచించింది. తను పనిచేసే స్కూలు వంటగదిలో తోటివాళ్ల ముఖాలు గుర్తొచ్చాయి.

"సరే," అంది. ఆ మాట ఇంత తేలిగ్గా వచ్చినందుకు తనకే సిగ్గేసింది.

ఆర్వో ఇంటి ముందు బండి ఆగింది. తుపాకీ రేపటికి అతని దగ్గరే ఉండాలి. అతను దిగి, వెనక తలుపు తెరిచి, సంచి కొస పట్టుకుని తనవైపు లాక్కోబోయాడు. సరిగ్గా వాళ్ల అన్నలాగే.

"ఆగు. నన్ను చూడనీ."

ఆమె పక్కకి వచ్చి సంచి విప్పింది. తొడుగు తీసింది. అతను బోల్టు లాగి పట్టుకున్నాడు. వేలు పెట్టింది. గూట్లో ఏమీ లేదు.

"ఖాళీ," అంది.

ఆర్వో నవ్వబోయాడు.

"ఒకసారి అంటే వినపడదా, వదినా? రెండుసార్లెందుకు? పైగా ఆ పళ్లు టకటకలాడటం ఏంటి, అంత చలేస్తోందా?"

ఇర్మా ఒక్కసారే అంది. ఆమె పళ్లు వణకడం లేదు.

బండి అవతలివైపు, తలుపు దగ్గర, అచ్చం తనలాగే ఎవరో మంచులో కాళ్లు మార్చుకుంటున్న చప్పుడు వినిపించింది. పొగాకు వాసన లేదు. తడిసిన ఉన్ని తొడుగుల వాసన... ఆరేళ్ల కిందట ఆ రోజు తను తీయని తొడుగులవి, ఆ రాత్రే ఆవిరిస్నానపు సౌనా పొయ్యిలో తనే కాల్చేసినవి.

"బోల్టు అలాగే పట్టుకో," అంది ఇర్మా. మళ్లీ వేలు పెట్టింది.

ఈసారి తూటా తగిలింది.